పొడుపుకు విడుపు, పద్యానికి బదులు

నాలుగైదు పంక్తులకు మించని ఒక రచన పాఠకుల ముందుకు వచ్చినప్పుడు, అందులోని మాటలన్నీ విడివిడిగా తెలిసినవే అయినా మొత్తం భావం మాత్రం అంతుపట్టకుండా ఉంటే, దానిని ఏ విధంగా చదవాలి, ఎవరి వ్యాఖ్యానాన్ని అంగీకరించాలి అన్న ప్రశ్న సాహిత్య విమర్శలో అతి ప్రాచీనమైనది. సంయుక్త అరబ్ ఎమిరేట్స్‌లో స్థిరపడిన తెలుగువారు ఈ ప్రశ్నను పరిశీలించడానికి ఎక్కడికో వెళ్లనవసరం లేదు. గూఢంగా చెప్పడం, చెప్పినదాన్ని నలుగురిలో విప్పడం, విప్పిన తీరును మళ్లీ పద్యంలోనే వినిపించడం ఆ దేశపు కవితా సంప్రదాయంలో నేటికీ సజీవంగా ఉన్న ఆచారాలు. తెలుగు సాహిత్యంలోని పొడుపు పద్యాలు, సమస్యాపూరణలు, ధ్వని సిద్ధాంతం తెలిసిన పాఠకులకు ఆ సంప్రదాయం పరాయిదిగా తోచదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, గూఢ రచనను చదివేవారు సాధారణంగా ఎక్కడ దారి తప్పుతారో కూడా స్పష్టమవుతుంది.

చదవడంలోని కష్టం అర్థం దగ్గర మొదలవుతుందని చాలామంది అనుకుంటారు కాని, అది అక్షరం దగ్గరే మొదలు కావచ్చుననడానికి దుబాయ్‌లోని ఒక కట్టడం నిదర్శనం. షేక్ జాయెద్ రోడ్డు పక్కన 2022 ఫిబ్రవరి 22న ప్రారంభమైన మ్యూజియం ఆఫ్ ది ఫ్యూచర్ 77 మీటర్ల ఎత్తున, నడుమ ఖాళీ ఉన్న వలయాకారంలో నిలిచి ఉంటుంది. దాని వెలుపలి భాగాన్ని కప్పే 1,024 ఉక్కు ఫలకాల మీద, భవిష్యత్తును గురించి దుబాయ్ పాలకుడు షేక్ మొహమ్మద్ బిన్ రాషిద్ అల్ మక్తూమ్ చెప్పిన మూడు వాక్యాలను ఎమిరాతీ కళాకారుడు మత్తర్ బిన్ లాహెజ్ అరబీ లిపిలో తీర్చిదిద్దాడు. ఆ అక్షరాలే భవనానికి కిటికీలు. పగలు వాటి గుండా లోపలికి వెలుతురు వస్తుంది, రాత్రి వాటి నుంచే వెలుగు బయటికి కనిపిస్తుంది. అక్షరాలు వంపు తిరిగిన ఉపరితలం మీద ఒకదానిపై ఒకటి ఒరిగి సాగడం వల్ల, ఏ ఒక్క చోట నిలబడినా వాక్యం పూర్తిగా కంటికి అందదు. మెట్రో రైలులో రోజూ ఆ దారిన వెళ్లే తెలుగు ఉద్యోగికి అది అందమైన అల్లికగా మాత్రమే కనిపిస్తే, అరబీ చదవగలిగినవారికి కూడా అది నిలిచి, తిరిగి, పోల్చుకుని చదవవలసిన పాఠంగా ఎదురవుతుంది. పైగా అరబీ రాతలో హ్రస్వ స్వరాలను సాధారణంగా రాయరు కనుక, సందర్భాన్ని బట్టి వాటిని పాఠకుడే పూరించుకోవాలి. అంటే ఆ లిపిని చదవడంలోనే కొంత వ్యాఖ్యానం ఇమిడి ఉంది.

ఎమిరేట్స్ ప్రజల సొంత కవిత్వాన్ని నబతీ కవిత్వం అంటారు. వ్యాకరణబద్ధమైన గ్రాంథిక అరబీలో కాక, అరేబియా ద్వీపకల్పపు వాడుక భాషలో, ప్రధానంగా మౌఖికంగా పెరిగిన ఛందోబద్ధ కవిత్వం ఇది. ప్రతి పంక్తీ రెండు సగాలుగా ఉండి, మొదటి సగాలన్నిటికీ ఒక అంత్యప్రాస, రెండవ సగాలన్నిటికీ మరొక అంత్యప్రాస చివరిదాకా సాగడం దాని ప్రసిద్ధ లక్షణాలలో ఒకటి. ఈ కుదురులోనివే అతి చిన్న రూపాలు కూడా ఉన్నాయి: ఒంటెల మీద ప్రయాణించే బిదూయిన్లు, అనగా ఎడారి సంచార తెగలవారు, రెండు జట్లుగా మార్చి మార్చి పాడుకునే తగ్రూదా ఏడు పంక్తులకు మించదు. 2012లో యునెస్కో దీనిని ఎమిరేట్స్, ఒమాన్ దేశాల ఉమ్మడి వారసత్వంగా తన జాబితాలో చేర్చింది. చిన్న రూపంలో చెప్పవలసినప్పుడు చెప్పనిది ఎక్కువవుతుంది. తెగల నడుమ కక్షలు, ప్రేమలు, రాయబారాలు ఉన్న సమాజంలో చెప్పకూడనిది కూడా ఎక్కువే ఉంటుంది. అందువల్ల నబతీ కవులు ప్రియురాలి పేరును, శత్రువు పేరును, కొన్నిసార్లు సందేశాన్నే కప్పి చెప్పే మార్గాలను అభివృద్ధి చేసుకున్నారు.

ఆ మార్గాలలో అందరికీ తెలిసినది అబ్జద్ లెక్క. అరబీ అక్షరాలలో ప్రతిదానికీ ఒక సంఖ్య కేటాయించి, పేరును సంఖ్యగా, సంఖ్యను పేరుగా మార్చే పద్ధతి ఇది. అలిఫ్ 1, బా 2, జీమ్ 3, దాల్ 4, ఇలా పెరుగుతూ చివరికి ఘైన్ అనే అక్షరం 1,000 అవుతుంది. ఈ లెక్కన జాయెద్ అనే పేరులోని నాలుగు అక్షరాల విలువ 7, 1, 10, 4 కలిసి 22 అవుతుంది. ఒక పద్యంలో 22 అన్న సంఖ్యను ఎక్కడో పొదిగితే, లెక్క తెలిసిన శ్రోతకు అది పేరు కావచ్చు, తెలియనివారికి అంకె మాత్రమే. తెలుగువారికి ఇది కటపయాది సంఖ్యా పద్ధతినీ, శాసనాలలో కాలాన్ని తెలిపే భూతసంఖ్యలనూ గుర్తుకు తెస్తుంది. భూతసంఖ్య అంటే సంఖ్యకు బదులు ఆ సంఖ్యలో లోకప్రసిద్ధమైన వస్తువు పేరును వాడడం: చంద్రుడు 1, నేత్రాలు 2, వేదాలు 4, బాణాలు 5, వసువులు 8, వీటిని కుడి నుంచి ఎడమకు పేర్చుకుంటే శకవర్షం వస్తుంది. అయితే సాగరం అన్న మాట కొందరి లెక్కలో 4, మరికొందరి లెక్కలో 7 అయినందున, శాసనం మొత్తాన్ని, అందులోని వారాన్ని, తిథిని సరిచూడనిదే చరిత్రకారుడు తేల్చి చెప్పలేడు. తాళంచెవి చేతిలో ఉన్న గూఢలేఖ కూడా విచక్షణ లేనివారికి తెరుచుకోదన్నమాట.

ఇక పొడుపు పద్యాల సంగతి. నబతీ కవితలో లుగ్జ్ అనే పేరుతో పొడుపు పద్యం ఒక గౌరవనీయమైన ప్రక్రియ. పైన పేర్కొన్న షేక్ మొహమ్మద్ స్వయంగా నబతీ కవి. ఆయన కవితలలో పొడుపులకు ప్రత్యేక స్థానం ఉంది, అవి పత్రికలలో వెలువడినప్పుడు వాటిని విప్పడానికి కవులు పోటీపడ్డారు. ఇక్కడ గమనించదగినది జవాబిచ్చే మర్యాద. పొడుపు ఏ ఛందస్సులో, ఏ ప్రాసలో ఉందో విడుపు కూడా అదే ఛందస్సులో, అదే ప్రాసలో ఉండాలని సంప్రదాయం ఆశిస్తుంది. కేవలం జవాబు తెలిస్తే చాలదు, అడిగిన కవి నడక తెలియాలి; ఆ నడకను పట్టుకునే ప్రయత్నంలో, మొదటి చదువులో దొర్లిపోయిన మాట ఒకటి రెండవసారి కాలికి తగులుతుంది. వ్యాఖ్యానానికి ఇంతకన్నా మంచి క్రమశిక్షణ మరొకటి ఉందని చెప్పడం కష్టం.

తెలుగు అవధానంలోని సమస్యాపూరణ దీనికి దగ్గరి చుట్టం. సమస్య అంటే పైకి అసంబద్ధంగా, లేదా అనుచితంగా కనిపించే ఒక పద్యపాదం; దానిని ఇచ్చే వ్యక్తి పృచ్ఛకుడు, అనగా ప్రశ్నించేవాడు; మిగిలిన పాదాలను కూర్చి ఆ అసంబద్ధతను సుసంబద్ధం చేయవలసినవాడు అవధాని. పాదంలోని ఒక్క అక్షరాన్ని కూడా మార్చే అధికారం అవధానికి లేదు, దానికి కొత్త సందర్భాన్ని కల్పించే అధికారం మాత్రమే ఉంది. తిరుపతి వేంకట కవులుగా ప్రసిద్ధులైన దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రి సంస్థానాల సభల నుంచి ఊరూరా తీసుకువెళ్లిన ఈ విద్యను, ఆకాశవాణి తన సమస్యాపూరణం కార్యక్రమం ద్వారా సాధారణ శ్రోతల ఇళ్లలోకి తెచ్చింది. శ్రోతలు ఇంట కూర్చుని పూరణలు రాసి పంపేవారు, ఒకే పాదానికి ఒకరు పురాణ సందర్భాన్ని, మరొకరు పదాల విరుపును, ఇంకొకరు లౌకిక ప్రసంగాన్ని ఆధారం చేసుకునేవారు. గూఢమైన ఒక పంక్తిని పాఠకులు సమష్టిగా వ్యాఖ్యానించిన ఉత్తమ సందర్భాలలో ఈ కార్యక్రమాన్ని తప్పక లెక్కించాలి.

అయినా పొడుపు పద్యం వేరు, గూఢమైన కవిత వేరు. ఈ భేదాన్ని భారతీయ ఆలంకారికులు, అనగా కావ్య సౌందర్య శాస్త్రజ్ఞులు, చాలా ముందుగానే గుర్తించారు. దండి తన కావ్యాదర్శంలో ప్రహేళికలను, అనగా పొడుపు పద్యాలను, 16 రకాలుగా వింగడించి, అవి వినోద గోష్ఠులలో, జనం నడుమ రహస్యంగా మాట్లాడుకోవడంలో, ఎదుటివారిని తికమక పెట్టడంలో పనికివస్తాయని వాటి ప్రయోజనానికి హద్దు గీశాడు. శాస్త్రంలాగా వ్యాఖ్యానం ఉంటే తప్ప బోధపడని కావ్యం పండితులకు మాత్రమే పండుగ అని భామహుడు విసుక్కున్నాడు. సాహిత్యదర్పణ కర్త విశ్వనాథుడు రసానికి అడ్డు వస్తుందన్న కారణంతో ప్రహేళికకు అలంకారం హోదానే నిరాకరించాడు. 9వ శతాబ్దంలో కాశ్మీర దేశపు ఆనందవర్ధనుడు మరొక దారి చూపాడు: మాటలు నేరుగా చెప్పే అర్థం ఒకటి ఉండగా, దానిని ఆధారం చేసుకుని అంతకన్నా మనోహరమైన మరొక అర్థం స్ఫురిస్తే దానికి ధ్వని అని పేరు పెట్టాడు. పొడుపులో జవాబు దొరకగానే మాటల పని తీరిపోతుంది. ధ్వనిలో అర్థం స్ఫురించిన తర్వాత పాఠకుడు మళ్లీ ఆ మాటల దగ్గరికే తిరిగి వస్తాడు. గూఢ కవితను చదివేవారు చేసే పెద్ద పొరపాటు, రెండవదానిని మొదటిదిగా భావించి, దానికొక విడుపు చెప్పి పుస్తకం మూసేయడం.

ఈ భేదాన్ని పరీక్షించి చూడడానికి, గల్ఫ్ తీరపు వస్తువును తీసుకుని ఈ ప్రసంగం కోసమే కల్పించిన రెండు ముక్కల పొడుపు ఒకటి ఇది: సముద్రం కన్నది, చేప కాదు, మెడను చేరింది, ఉరి కాదు. జవాబు ముత్యం. కన్నది అన్న మాట పుట్టుకను, మెడ అన్న మాట హారాన్ని సూచిస్తాయని చెప్పగానే పొడుపు విడిపోతుంది. ఇదే పొడుపును 1930ల నాటి ఎమిరేట్స్ తీరంలో ఒక ముత్యాల గజ ఈతగాడి నోట విన్నట్టు ఊహిస్తే పరిస్థితి మారుతుంది. వేసవి నాలుగు నెలలూ పడవ మీదే ఉండి, ముక్కుకు బిగింపు పెట్టుకుని, కాలికి రాయి కట్టుకుని, ఒక్క ఊపిరితో అడుగుకు దిగే ఆ మనిషి మెడలో ముత్యపుచిప్పలు ఏరి వేసుకునే అల్లిక బుట్ట వేలాడేది. పడవ యజమాని దగ్గర తీసుకున్న బయానా అప్పుగా మారి, ఒక్కోసారి తండ్రి నుంచి కొడుకుకు సంక్రమించేది. ఈ సంగతులు తెలిసిన పాఠకుడికి మెడ అనగానే రాణి మెడలోని హారం మాత్రమే కాక ఈతగాడి మెడలోని బుట్ట కూడా కనిపిస్తుంది. ఉరి కాదు అన్న నిరాకరణ, ఆ భయం మాట్లాడేవాడి మనసులో ఉన్నందువల్లనే నోటికి వచ్చిందని తోస్తుంది. జపాన్ పెంపకపు ముత్యాలు, ప్రపంచ ఆర్థిక మాంద్యం కలిసి ఆ వృత్తిని దెబ్బతీసిన కాలం అది అని తెలిస్తే, సముద్రం కన్నది అన్న మాటలో కూడా ఒక తల్లిని నిలదీస్తున్న ధ్వని వినిపించవచ్చు. జవాబు ఇప్పటికీ ముత్యమే, కాని ఆ జవాబుతో ఈ చదువు ముగియదు.

ఈ రెండవ వ్యాఖ్యానం నిలవడానికి కారణం దాని విశేషమైన కల్పనాశక్తి అనుకోరాదు. బుట్ట, అప్పు, కాలం అన్న మూడూ చరిత్రలో ఉన్నవి, అవి పొడుపులోని ఒక్కొక్క మాటకు విడివిడిగా అతుకుతున్నవి. ఏ మాటకూ అతకని వ్యాఖ్యానాన్ని, అలాగే ఏ రచనకైనా అతకగల వ్యాఖ్యానాన్ని కూడా పక్కన పెట్టవలసిందే. పోతులూరి వీరబ్రహ్మం కాలజ్ఞానంలోని మాటలను, ఏదైనా ఒక సంఘటన జరిగిపోయిన తరువాత దానికి అన్వయించడం తెలుగునాట తరచుగా జరుగుతుంది. భక్తుల విశ్వాసానికి ఉన్న గౌరవం దానికి ఉంది. అయితే ఒకే మాట ప్రతి తరంలోనూ ఒక కొత్త సంఘటనకు సరిపోతున్నప్పుడు, అక్కడ వ్యాఖ్యాతలు చెబుతున్నది రచన గురించి కాదు, తమ కాలం గురించే.

సందర్భం తెలియడం ఎంత అవసరమో, ఒక్క మాట ఎంత బరువు మోయగలదో అబూ ధాబీలో 2010లో జరిగిన ఒక పోటీ చాటిచెప్పింది. నబతీ కవుల కోసం 2006లో ఆరంభమైన షాయిర్ అల్ మిల్యూన్ అనే టెలివిజన్ పోటీలో కవులు అబూ ధాబీలోని రాహా తీరపు రంగస్థలం మీద పద్యాలు చదువుతారు, న్యాయనిర్ణేతల మండలి అక్కడికక్కడే వాటిని విశ్లేషిస్తుంది, ప్రేక్షకులు ఓట్లు వేస్తారు. కోట్ల ప్రేక్షకుల ముందు కవితా వ్యాఖ్యానం బహిరంగంగా జరగడం అరుదైన విషయం. సౌదీ అరేబియాకు చెందిన హిస్సా హిలాల్ నిలువెల్లా నల్లని ముసుగుతో అక్కడ నిలబడి, ఫత్వాల, అనగా మతాచార్యుల ఆదేశాల, పేరిట వ్యాపిస్తున్న తీవ్రవాదాన్ని విమర్శించే పద్యం చదివింది. అందులో ఒక భయంకర రూపపు నడికట్టు ప్రస్తావన వస్తుంది. ఆ నడికట్టులో ఆత్మాహుతి దాడికి వెళ్లేవారు నడుముకు బిగించుకునే పేలుడు పట్టీ అరబ్ శ్రోతలకు కనిపించింది. బాంబు అన్న పేరెత్తకుండానే కవయిత్రి ఆ చిత్రాన్ని కళ్ల ముందు నిలిపింది. పాశ్చాత్య పత్రికలు చాలావరకు ఆమె ముసుగు గురించే రాశాయి. వేషం గురించి రాయడం సులువు, నడికట్టు గురించి రాయాలంటే పద్యం వినాలి. ఆమెకు బెదిరింపులు వచ్చాయి, పోటీలో మూడవ స్థానమూ వచ్చింది. పద్యాన్ని ద్వేషించినవారు, మెచ్చినవారు ఇద్దరూ దానిని సరిగానే అర్థం చేసుకున్నారని ఒప్పుకోక తప్పదు.

సందర్భమే కాలగర్భంలో కలిసిపోయినప్పుడు పాఠకుడి పని మరింత కష్టమవుతుంది. 17వ శతాబ్దానికి చెందినవాడిగా భావించే అల్ మాజిదీ ఇబ్న్ జాహిర్, రాస్ అల్ ఖైమా ప్రాంతపు జ్ఞాపకంలో నేటికీ నిలిచి ఉన్న ఎమిరాతీ ఆదికవి. అతడి పద్యాలు తరతరాలుగా నోటి నుంచి నోటికి ప్రయాణించి, తరువాతి కాలపు రాతప్రతులలోకి చేరాయి. అందువల్ల పాఠభేదాలు వచ్చాయి, అర్థం మరుగుపడిన మాటలు మిగిలాయి. డచ్ పండితుడు మార్సెల్ కుర్పర్స్‌హూక్ ఆ పద్యాలనూ, కవిని గురించి జనం చెప్పుకునే కథలనూ కలిపి అరబీ మూలంతో, ఆంగ్ల అనువాదంతో 2022లో ప్రకటించాడు. కథలను కూడా చేర్చడంలో మంచి ఆలోచన ఉంది. తెలుగులో చాటు పద్యానికి పుట్టుక కథ ఎలా అంటిపెట్టుకుని ఉంటుందో, ఇబ్న్ జాహిర్ పద్యాలకు ఆ కథలు అలాంటివి: అవి చరిత్రగా నిలవకపోవచ్చును, కాని ఆ పద్యాన్ని ముందు తరాల శ్రోతలు ఎలా అర్థం చేసుకున్నారో చెప్పే వ్యాఖ్యానాలుగా అమూల్యమైనవి.

తెలుగులో ఇటువంటి పరీక్షకు నిలిచిన ఆధునిక కావ్యం ఆరుద్ర 1949లో ప్రకటించిన త్వమేవాహం. నైజాం రాజ్యంలో రజాకార్ల దౌర్జన్యాలు నేపథ్యంగా ఉన్న ఈ కావ్యం అర్థం కానిదిగా పేరుపడింది. దానిని పొడుపుగా చదివినవారు ఏ ప్రతీక దేనికి గుర్తు అన్న జాబితా కోసం వెతికి విసిగిపోయారు. ఆ కాలపు వార్తలు తెలిసి, ఆ హింస సృష్టించిన దిగ్భ్రమే రచన విరిగిపోయిన తీరులో వినబడుతోందని గ్రహించినవారికి అది అందింది. అభినవగుప్తుడు నిర్వచించిన సహృదయుడు, అనగా నిరంతర కావ్య పరిచయంతో అద్దంలా శుభ్రపడిన మనసు గల పాఠకుడు, అలాంటివాడే. అర్థం కాలేదన్న మాట చెప్పడానికి సహృదయుడు సిగ్గుపడడు, అక్కడే ఆగిపోవడానికి మాత్రం ఒప్పుకోడు.

ఎమిరేట్స్ సంప్రదాయంలో ఆ సహృదయుడి స్థానాన్ని తరచుగా మరొక కవి ఆక్రమిస్తాడు. ఒక కవి తన బాధను పద్యంలో విన్నవిస్తే, మరొక కవి అదే ఛందస్సులో ఓదార్పునో, సలహానో, ఎదురు ఫిర్యాదునో పంపే ఈ మార్పిడిని అక్కడివారు ముషాకా అంటారు. 1920లో అల్ ఐన్‌లో పుట్టి, దుబాయ్‌లో జీవించి, 2018లో మరణించిన ఔషా బింత్ ఖలీఫా అల్ సువైదీ ఈ రంగంలో పురుష కవులతో సమానంగా నిలిచిన కవయిత్రి. అంతకుముందు గల్ఫ్ యువతి అన్న అర్థమిచ్చే కలం పేరుతో ప్రసిద్ధురాలైన ఆమెను, 1989లో షేక్ మొహమ్మద్ తన కవితలో అరబ్బుల యువతిగా సంబోధించడంతో ఫతాత్ అల్ అరబ్ అన్న పేరు స్థిరపడింది. ఒక కవయిత్రిని ఎంత విస్తృతంగా చదవాలో మరొక కవి ఆ సంబోధన ద్వారా సూచించాడు. విమర్శకులు ఒక గ్రంథంలో చెప్పవలసిన తీర్పు అక్కడ ఒక్క పిలుపులో ఇమిడింది. దుబాయ్‌లోని దేరా బంగారు బజారు పరిసరాలలో రఫియా గుబాష్ నెలకొల్పిన మహిళా మ్యూజియంలో ఔషాకు ప్రత్యేకంగా ఒక గది కేటాయించారు, ఆమె సమగ్ర రచనలను కూడా గుబాషే సేకరించి ప్రచురించారు. అరబీ నేర్చుకుంటున్న తెలుగు పాఠకులు ఆమె పద్యాలతో పాటు, వాటికి ఇతర కవులు ఇచ్చిన బదులు పద్యాలను కూడా జతగా చదివితే, మొదటి పద్యంలో చెప్పకుండా వదిలిన దానిని అదే భాషలో పుట్టి పెరిగిన పాఠకుడు ఎక్కడ పట్టుకున్నాడో, దేనిని చూసీ చూడనట్టు వదిలేశాడో పంక్తి పంక్తికీ సరిచూసుకోవచ్చు.